చివరిసారి వాడింది బుధవారం

2024 వానాకాలం. రాజోలు బస్టాండు ఎదుటి సందులో నా నెట్ సెంటరు. పెళ్ళై ఈ ఊరొచ్చిన కొత్తలో పెట్టిన దుకాణం. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్సు మిషను, వాన గట్టిగా కురిస్తే కారే ఒక మూల. పరీక్ష ఫీజులు, హాల్ టిక్కెట్లు, కువైట్ వెళ్ళేవాళ్ళ కాగితాలు, పింఛను దరఖాస్తులు, అన్నీ నేనే చూస్తాను. నాకు కోపం ఎక్కువని ఊళ్ళో పేరు. "మీ పాస్‌వర్డు ఏంటండీ" అంటే "మీరే కదండీ పెట్టేరు, మీకే తెలియాలి" అని బల్ల మీద చేతులు ఆనించి నా మొహంలోకి చూసేవాళ్ళతో రోజంతా గడిపితే ఎవరికైనా వస్తుంది.

మా వృత్తిలో ఒక అలవాటు గురించి ముందు చెప్పాలి. ఎవరి పేరునైనా మెయిల్ ఖాతా తెరిచేటప్పుడు కంపెనీ ఇంకో మెయిల్ కూడా అడుగుతుంది. దాన్ని రికవరీ మెయిల్ అంటారు. అసలు ఖాతాకి ఏదైనా ముప్పు వస్తే ఆ రెండోదానికి కబురు చేస్తారు. మొదటి మెయిలే నా చేత తెరిపించుకునే మనిషికి రెండోది ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని అందరికీ మా షాపు మెయిలే రాసేసేదాన్ని. మా చుట్టుపక్కల ఏ సెంటర్లోనైనా ఇదే పద్ధతి. అలా రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి జనం ఖాతాలు ఎన్నో నా మెయిల్‌కి కట్టేసి ఉన్నాయి.

ఆ మధ్య పెద్ద కంపెనీలు ఒక నియమం పెట్టాయి. రెండేళ్ళపాటు ఎవరూ తెరవని ఖాతాని ఇనాక్టివ్ అకౌంట్, అంటే వాడకంలో లేనిది అని లెక్కకట్టి, ముందు హెచ్చరిక పంపి, తర్వాత అందులో ఉన్నదంతా చెరిపేస్తాయి. ఎవరూ చూడని ఖాతా దొంగల చేతిలో పడుతుందని వాళ్ళ వాదన. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ హెచ్చరికలన్నీ నాకు రావడం మొదలైంది. ఓపిక ఉన్నప్పుడు ఫోన్ చేసి చెప్పేదాన్ని. "మర్చిపోయేనండి, రేపొస్తాను" అనేవాళ్ళు కొందరు. "ఆయన పోయేరు కదాండీ, పోయిన సంక్రాంతికే" అనేవాళ్ళు కొందరు. కొన్నాళ్ళకి ఊళ్ళో చావు కబుర్లు నాకు కంపెనీ ద్వారా ఆలస్యంగా తెలుస్తున్నాయని గ్రహించాను. అప్పట్నుంచి ఆ మెయిల్ తెరవాలంటే మనసు ఒప్పేది కాదు.

జూలైలో ఒకరోజు అందులో కరుణ టీచరుగారి పేరు కనిపించింది.

ఆవిడ పోయిన సంగతి నాకు కొత్తగా తెలియక్కర్లేదు. జబ్బు చేసి, ఏడాదిపాటు మంచం పట్టి, రెండేళ్ళ కిందట పోయారు. బతికున్న రోజుల్లో బడి లెక్కలు ఆన్‌లైన్లో ఎక్కించడానికి మా షాపుకి వచ్చేవారు. నేను ఎవరినైనా కసిరితే పక్కన కూర్చుని నవ్వేవారు. "పద్మా, నువ్వు తిట్టాల్సింది కప్పు వేసిన మేస్త్రీని, ఈ పిల్లాణ్ణి కాదు" అనేవారు. సోమవారం నాడు పోయారు. మంగళవారం మధ్యాహ్నం సమాధుల తోటలో పెట్టారు. షాపు మూసి నేనూ వెళ్ళాను, నా చేత్తో ఇంత మట్టి వేశాను.

హెచ్చరికలో ఒక వాక్యం ఉంటుంది, ఈ ఖాతాని చివరిసారి ఫలానా రోజున వాడారు అని. ఎందుకో ఆ తేదీ దగ్గర ఆగాను. పాత క్యాలెండరు తెరిచి చూస్తే అది బుధవారం. మట్టి వేసిన మర్నాడు. ఇంట్లో ఎవరో తెరిచి చూసుకుని ఉంటారులే అనుకున్నాను. అనుకున్నాను గానీ, సాయంత్రం షాపు కట్టేదాకా ఆ తేదీ బుర్రలోంచి పోలేదు.

కబురు చేస్తే మర్నాడే మాస్టారు వచ్చారు. కరుణ టీచరుగారి భర్త ప్రభుదాసు మాస్టారు. లెక్కల టీచరుగా రిటైరయ్యారు. నేను ఆయన దగ్గర చదువుకోలేదు గానీ ఊరందరికీ ఆయన మాస్టారే, నాకూ అంతే. గొడుగు మడిచి గుమ్మంలో ఆనించి, నేను చెప్పిందంతా విన్నారు.

"చెరిపేస్తారా? మొత్తమా?" అన్నారు.

"మొత్తం మాస్టారూ. ఈ నెలాఖరుతో సరి. అందులో మీకు కావలసినవి ఏమైనా ఉన్నాయా?"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఆవిడ గొంతు ఉందమ్మా అందులో."

సంగతి ఇది. వాళ్ళింట్లో రోజూ సాయంత్రం ఏడింటికి కుటుంబ ప్రార్థన. పాట ఎత్తుకునేది, బైబిలు వాక్యం చదివేది, ప్రార్థన చేసేది అన్నీ టీచరుగారే. కొడుకు కాకినాడ హాస్టల్లో చేరాక వాడికి ఆ పూట తప్పకూడదని రోజూ ఫోన్లో రికార్డు చేసి పంపేవారు. అలా ఎన్నో సాయంత్రాలు ఆ ఖాతాలో దాగి ఉన్నాయి. కొడుకు ఫోన్లు మార్చేశాడు, వాడి దగ్గర ఒక్కటీ మిగల్లేదు.

"ఆవిడ పోయేక మా ఇంట్లో ప్రార్థన ఆగిపోయిందమ్మా. నేను మొదలెడతాను, రెండో మాటకి గొంతు పూడుకుపోతాది. మా అత్తగారు చాప మీద కూర్చుని నా మొహంలోకి చూస్తారు. కాసేపటికి ఇద్దరం లేచిపోతాం. ఆవిడేమో వారం వారం కూతురితో ఫోన్లో మాట్లాడేనంటారు. వయసు. డాక్టరు ఏవో మాత్రలు రాసేడు. ఆ గొంతు ఒక్కసారి వినిపిస్తే ఇద్దరం కుదుటపడతాం, పద్మా. ఎలాగైనా తియ్యి."

ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదటిసారి. బోర్డు మీద సున్నా చుట్టినంత తేలిగ్గా ఊరి పిల్లల్ని దారిలో పెట్టిన మనిషి.

పాస్‌వర్డు ఆయనకి తెలుసు. కొట్టాను, తీసుకుంది. తర్వాత ఇంకో తెర వచ్చింది. టీచరుగారు బడిలో ఏదో శిక్షణకి వెళ్ళొచ్చి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకున్నారు. అంటే పాస్‌వర్డు ఒక్కటీ చాలదు, ఫోన్లో కూడా ఒకసారి ఒప్పుకోవాలి. తెర మీద ఇలా ఉంది: మీ ఫోన్‌కి కబురు పంపాం. ఫోన్ తెరిచి 'అవును, నేనే' అని నొక్కండి.

"టీచరుగారి ఫోన్ ఎక్కడుంది మాస్టారూ?"

"దగ్గరే పెట్టేం."

"ఎవరి దగ్గర?"

"ఆవిడ దగ్గరే."

నాకు అర్థం కాలేదు. ఆయన తల వంచుకుని మెల్లగా చెప్పారు. వాళ్ళలో చాలామంది పెట్టెలో మనిషి గుండెల మీద వాళ్ళు చదువుకున్న బైబిలు పెడతారు. టీచరుగారికి ఆఖరి ఏడాది అక్షరాలు ఆనేవి కావు. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని అందులోనే చదువుకునేవారు. పెట్టె మూసేముందు తల్లి శాంతమ్మగారు ఆ ఫోను తెచ్చి కూతురి చేతుల కింద పెట్టి, "దాని బైబిలు ఇదే" అన్నారు. పాస్టరు అయ్యగారు కూడా కాదనలేదు. దాని స్విచ్చి కట్టెయ్యాలని ఎవరికీ తోచలేదు.

తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. కింద, మీ జవాబు కోసం ఎదురు చూస్తున్నాం, అని ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఆ కబురు ఎక్కడికి వెళ్ళిందో ఇద్దరికీ తెలుసు. నేను చెయ్యి చాచి మానిటరు ఆపేశాను.

"ఇప్పుడు తీస్తే అది పనిచేస్తుందా?" అన్నారు మాస్టారు.

"మాస్టారూ!"

"అడుగుతున్నానమ్మా, అంతే."

"చెయ్యదు. రెండు వానాకాలాలు నానిపోయింది. అలాంటి ఆలోచన పెట్టుకోకండి, మీకు దణ్ణం పెడతాను" అని కసిరాను. ఆయన గొడుగు కూడా మర్చిపోయి వెళ్ళిపోయారు.

మనిషి ఆశ వదులుకోలేదని మూడోనాడు తెలిసింది. గొడుగు కోసం వచ్చి కూర్చున్నారు. సమాధుల తోట కాపలా చూసే యోహాను దగ్గరికి వెళ్ళారట. తవ్వడం మాట ఎత్తలేదు, ఎత్తుదామనే వెళ్ళారు. యోహానే ముందు అందుకున్నాడట.

"వాడన్న మాట యథాతథంగా చెప్తాను, విను. 'ఆ వేళ మీతో చెప్పబోతే తాగొచ్చేవా అని తిట్టేరు కదండీ బాబూ. అమ్మగారిని పెట్టిన సాయంత్రం, మర్నాడు సాయంత్రం, ఆ కొత్త మట్టిలోంచి పాట వినపడిందండి. దీపాల వేళ. సన్నగా. ఆ తర్వాత మరి లేదండి' అన్నాడు."

నేను చేస్తున్న పని ఆపేశాను. కాసేపటికి బుద్ధి పనిచేసింది. "అలారం మాస్టారూ. ఏడింటికి ప్రార్థన అలారం పెట్టుకునేవారా?"

"ఆయ్. ఏదో పాట పెట్టుకుంది. అది మోగితే ఇంట్లో టీవీ కట్టెయ్యాలి."

"అదే మరి. ఫోను కట్టెయ్యలేదు. ఛార్జింగ్ ఉన్నన్నాళ్ళూ మోగింది. ఖాతా బుధవారం వాడినట్టు చూపించేది కూడా అందుకే. ఫోను దానంతటదే కంపెనీతో మాట్లాడుకుంటూ ఉంటుంది, ఏమైనా కొత్తవి ఉంటే దాచమని."

పద్ధతిగానే చెప్పాను. కానీ అంత మట్టి కిందకి సిగ్నల్ ఎలా అందిందో నాకిప్పటికీ తెలియదు. కాస్త వాన పడితే మా షాపు మూలకే అందదు.

మాస్టారు మాత్రం ఆ వివరణని గట్టిగా పట్టుకున్నారు. లెక్క తేలితే ఆయనకి ధైర్యం. "ఇంకో దారి లేదా?" అన్నారు.

ఉంది. ఫోన్లో నొక్కడం కుదరకపోతే నంబరుకి ఓటీపీ పంపమనొచ్చు. ఆ సిమ్ముకి రీఛార్జి లేక ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. నంబరు ఇంకా ఎవరికీ ఇవ్వకుండా కంపెనీ దగ్గరే ఉంటే అడిగి చూడొచ్చేమో. ముందు దాని పరిస్థితి ఏంటో తెలియాలి. "ఒకసారి ఆ నంబరుకి చెయ్యండి మాస్టారూ. ఈ నంబరు మనుగడలో లేదు అని వస్తుంది. వస్తే అప్పుడు ఆలోచిద్దాం" అన్నాను.

ఆయన ఫోన్లో టీచరుగారి పేరు ఇంకా అలాగే ఉంది, పక్కన ఆకుపచ్చ చీర కట్టుకున్న ఫొటో. నొక్కి, స్పీకరు పెట్టి, బల్ల మీద ఉంచారు.

రింగయింది.

ఆ ఫోను ఎక్కడుందో తెలిసి, ఆ ఫొటో చూస్తూ, ఆ మోత వినడం ఎలా ఉంటుందో నేను రాయలేను. సిమ్ములు చేతులు మారతాయని ఈ వృత్తిలో ఉన్నదాన్ని నాకు తెలియదా? తెలుసు. ఆ నిమిషంలో అది ఒక్కటీ గుర్తురాలేదు. మాస్టారు బల్ల అంచు పట్టుకున్నారు. నాలుగైదు మోతల తర్వాత ఎత్తారు.

"ఆయ్, చెప్పండి" అంది ఆడగొంతు.

మాస్టారు ఫోను మీదకి వంగారు.

"ఎవరండీ?" కాస్త ఆగి, అదే గొంతు, "మామ్మగారి ఇంట్లోంచేనాండీ? ఆవిడకి ఒంట్లో బాగానే ఉందా? పోయిన ఆదివారం చెయ్యలేదు, నాకు ఒకటే బెంగగా ఉంది" అంది.

 నేనే ఫోను దగ్గరకి లాక్కుని, "మీరెవరు?" అని గట్టిగా అడిగాను. భయమేస్తే నాకు కోపమే వస్తుంది.

అవతల మనిషి కూడా భయపడినట్టుంది, గబగబా చెప్పింది. పేరు దుర్గ. ముమ్మిడివరం దగ్గర రొయ్యల షెడ్డులో పని. ఏడాది కిందట కువైట్ నుంచి వచ్చి కొత్త సిమ్ము తీసుకుంటే ఈ నంబరు ఇచ్చారు. మొదటి ఆదివారమే ఒక ముసలావిడ ఫోన్ చేసి "అమ్మాయ్, అన్నం తిన్నావా" అని అడిగిందట. "రాంగ్ నంబరని చెప్పేనండి. ఆవిడకి వినపడలేదు. మళ్ళీ వారం చేసేరు. ఒకసారి ఇదే నంబర్నుంచి చేసి, తన ఫోన్లో ఛార్జింగ్ లేదన్నారు. అందుకే ఇల్లు ఇదే అనుకున్నాను."

శాంతమ్మగారిది బటన్ల ఫోను. రెండు అంకె నొక్కి పట్టుకుంటే కూతురికి వెళ్ళేలా టీచరుగారే అమర్చి పెట్టారు. ముసలావిడ కూతురితో మాట్లాడానన్నది నిజమే అన్నమాట. మాత్రలు మింగించిన మాస్టారు అది విని కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఇక మిగిలింది ఓటీపీ. పంపిస్తాం, వచ్చిన అంకెలు చెప్పమ్మా అంటే దుర్గ ఒక్కసారిగా మారిపోయింది. "ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని బ్యాంకు వాళ్ళు మెసేజీ పెట్టిన ప్రతిసారీ చెప్తున్నారు కదండీ. ఏమీ అనుకోకండి. నేను చెప్పను" అని పెట్టేసింది. నాకు ఒళ్ళు మండింది. మరుక్షణమే ముచ్చటేసింది. నా దగ్గరికొచ్చే డిగ్రీ చదువులవాళ్ళకి నేను రోజూ మొత్తుకునేది అదే. మళ్ళీ చేసి, "మేమే వస్తాం, నీ కళ్ళెదుటే చూసుకో" అన్నాను. దానికి ఒప్పుకుంది.

ఆ సోమవారం అమలాపురం మీదుగా ముమ్మిడివరం బస్సులో వెళ్ళాం. దిగి ఆటో ఎక్కితే రొయ్యల చెరువుల మధ్య గట్టు మీద ఆమె ఇల్లు. చెరువుల్లో నీటిచక్రాలు తిరుగుతూ ఒకటే హోరు. దుర్గకి నలభై లోపు ఉంటాయి. మంచం వాల్చి కూర్చోబెట్టి, కొబ్బరిబొండాలు కొట్టి ఇచ్చి, అప్పుడుగానీ ఫోను చేతిలోకి తీసుకోలేదు.

"ఆవిడ పేరు మీద వచ్చే మెసేజీలన్నీ ఉంచేనండి" అంది. "బడి నుంచి, బ్యాంకు నుంచి, పుట్టినరోజు దీవెనలని చర్చి సంఘం నుంచి. చోటు చాలక నావి రావడం మానేసేయి. అయినా తియ్యలేదు. ఆవిడ పోయేరని ఎవరో ఫోన్లో చెప్పేరండి, పోయిన మనిషివి కదా."

మాస్టారి ఫోన్లో ఖాతా తెరిచి ఓటీపీ అడిగాను. దుర్గ ఫోను టింగుమంది. ఆమె మాస్టారి మొహంలోకి ఒకసారి, గోడ మీదున్న అమ్మవారి పటంకేసి ఒకసారి చూసి, అంకెలు ఒక్కొక్కటే చదివింది. కొట్టాను. చక్రం తిరిగింది. తెరుచుకుంది.

రికార్డింగులు వరసగా ఉన్నాయి. మాస్టారు ఒకదాని మీద వేలు పెట్టారు. ముందు కుర్చీ జరిపిన చప్పుడు, తర్వాత దగ్గు, ఆ తర్వాత ఆవిడ గొంతు. పాట ఒక చరణం ఎత్తుకుని మధ్యలో ఆపి, "ఏవండీ, పొయ్యి మీద పాలు చూడండి, పొంగిపోతాయి" అని మళ్ళీ అక్కణ్ణుంచే అందుకున్నారు. మాస్టారు ఫోను గుండెలకి ఆనించుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు.

దుర్గ మాత్రం గుమ్మానికి ఆనుకుని బిగుసుకుపోయింది. "ఇదాండీ ఆవిడ గొంతు! నాది దీనికి దగ్గర్లో కూడా లేదు. మరి మామ్మగారు ఎలా పోల్చుకోలేదండీ?" అంది.

మాస్టారు ఆ రికార్డింగు మళ్ళీ మొదట్నుంచి పెట్టారు. వచ్చేముందు ఆమె మాస్టారిని పక్కకి పిలిచి అడిగింది. "ఇక మామ్మగారు చేస్తే ఎత్తమంటారా, వద్దంటారా? మా అమ్మ పోయినప్పుడు నేను కువైట్లో ఉన్నానండి. పనిచేసే ఇంటివాళ్ళు పంపలేదు. అన్నం తిన్నావా అని నన్ను అడిగే మనిషి ఆవిడొక్కత్తే. అబద్ధం ఆడేననుకోకండి, ఆయ్, తిన్నానండి అన్నాను, అంతే." మాస్టారు ఆమె తల మీద చెయ్యి పెట్టి, "ఎత్తమ్మా" అన్నారు.

ఈ కేసు నాకు ఏం నేర్పిందని కొత్తగా సెంటరు పెట్టుకునే పిల్లలు అడుగుతుంటారు. పనికొచ్చే మాట ఒకటి చెప్తాను. ఇప్పుడు నేను ఎవరి ఖాతా తెరిచినా, మీ తర్వాత ఇది ఎవరు చూడాలి అని మొహమాటం లేకుండా అడుగుతాను. వాడకం ఆగిపోయిన కొన్నాళ్ళకి ఖాతాని నమ్మినవాళ్ళకి అప్పగించే ఏర్పాటు చాలా కంపెనీల్లో ఉంది. అది అక్కడికక్కడే పెట్టించి పంపుతాను. "పొద్దున్నే చావు మాటలేంటండీ" అని విసుక్కుంటారు. విసుక్కోనీ. షాపు మెయిల్ ఎవరికీ ఇవ్వడం లేదు. వచ్చిన హెచ్చరిక ఏదీ తెరవకుండా వదలడం లేదు.

ఇంకోటి కూడా నేర్చుకున్నాను. అది ఇలా ఒక్క మాటలో చెప్పేది కాదు.

మేం ముమ్మిడివరం నుంచి వచ్చిన మర్నాడు, మంగళవారం, రికార్డింగులన్నీ ఒక మెమరీ కార్డులో వేసి మాస్టారింటికి పట్టుకెళ్ళాను. కొడుకు కొనిచ్చిన చిన్న స్పీకరులో పెట్టాం. ఏడింటికి చాప పరిచారు. టీచరుగారి గొంతు పాట ఎత్తుకుంది. మాస్టారు రెండో మాటకి పూడుకుపోలేదు, చరణం చివరిదాకా కలిపారు. వాక్యం ఆయనే చదివారు, ప్రార్థన ఆయనే ముగించారు. రెండేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆ పూట ప్రార్థన జరిగింది. శాంతమ్మగారు కళ్ళు మూసుకుని విన్నారు. ఏడుస్తారని ఎదురు చూశాను. ఏడవలేదు. వాడుకగా వినే పాటని విన్నట్టు విన్నారు.

మాస్టారు నన్ను ముందే బతిమాలుకున్నారు, ఆదివారం మాట్లాడే మనిషి సంగతి మెల్లగా నువ్వే చెప్పమ్మా, నావల్ల కాదు అని. ఆయన పాలు కాచడానికి లోపలికి వెళ్ళగానే నేను ఆవిడ పక్కకి జరిగాను. చెవి దగ్గరగా నోరు పెట్టి, "మామ్మగారూ, ఆదివారం మీరు ఫోన్లో మాట్లాడేది టీచరుగారితో కాదండి. ముమ్మిడివరంలో దుర్గ అని..." అన్నాను.

"నాకు తెలీదా ఏంటమ్మాయ్?" అన్నారావిడ. "కడుపున కన్నదాని గొంతు నాకు తెలీదా? ఆ పిల్లకి తల్లి లేదు. రెండోసారి చేసినప్పుడే తెలిసిపోయింది. అన్నం తిన్నావా అంటే గొంతు వణికేది పాపం. అందుకే చేస్తున్నాను."

నా గుండె మీంచి బరువు దిగిపోయింది. నవ్వొచ్చింది కూడా. "మరి మాస్టారితో కూతురితో మాట్లాడేనని అన్నారట? ఆయన మీకు మాత్రలు మింగిస్తున్నారు" అన్నాను.

"మాట్లాడతాను కదా మరి. దాంతో ఆదివారం కాదు. అది చేసేది బుధవారం."

లోపల్నుంచి పాలగిన్నె దింపిన చప్పుడు వినిపించింది.

"ఈ వేళప్పుడే చేస్తాది" అన్నారు శాంతమ్మగారు, రేపు కూరేం వండాలో చెప్తున్నంత మామూలుగా. "ఎక్కువ మాట్లాడదు. పాట ఎత్తుకుంటాది, నేను కలుపుతాను. సన్నగా వినపడతాది, దూరం కదా. అయిపోగానే పెట్టేస్తాది."

యోహాను చెప్పిన మాట ఆవిడకి తెలిసే దారి లేదు. అది విన్నది మాస్టారు, నేను. ఆయన ఇంట్లో చెప్పలేదు. ఖాతా తేదీ బుధవారమని కూడా ఎవరూ చెప్పలేదు.

ఆవిడ నా మొహం చూసి కొంగు ముడిలోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టారు. "నమ్మకం లేకపోతే చూసుకోమ్మా. ఎవరు చేసేరో, ఎప్పుడు చేసేరో అందులో పడతాది కదా. నాకు చదవడం రాదు. నీకు ఇదే పని కదా."

నాకు ఇదే పని. పొద్దున్న లేస్తే ఇంకొకళ్ళ ఫోన్లు తెరిచి చూడ్డమే నా బతుకు. ఒక్క బటను నొక్కితే వచ్చిన కాల్స్ వరసగా కనిపిస్తాయి. బుధవారం ఏమీ లేదని తేలితే ముసలావిడ భ్రమ అని తేలిపోతుంది, మాస్టారి మాత్రలకి అర్థం ఉంటుంది. ఏమైనా ఉంటే? వేలు ఆ బటను మీద పెట్టాను. ఆవిడ నాకేసి నిబ్బరంగా చూస్తున్నారు. చూడగలిగిందల్లా చూసి తీరాలన్న నియమం ఏ కంపెనీ పెట్టలేదని, పెట్టినా నాకు అక్కర్లేదని అప్పుడు అనిపించింది. వేలు తీసేశాను.

ఫోను తిప్పి ఆవిడ చేతిలో పెట్టి, "ఛార్జింగ్ తగ్గిపోయింది మామ్మగారూ. రేపు బుధవారం కదా, పెట్టుకోండి" అన్నాను.